సోమవారం దాకా మాట రాదు

"బొమ్మ వస్తోంది, మాట రావట్లేదు. చూడు," అంటూ మా ఆయన టాబ్లెట్‌ను నా తడి చేతుల ముందు పెట్టాడు. సింకులో పొద్దుటి గిన్నెలు సగమే తోమి ఉన్నాయి. తెరమీదా అదే సింకు, అదే నేను. మంగళవారం మధ్యాహ్నం ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కుకుని మాట్లాడుతున్నాను.

"కోడలు ఏం వండుతోందో, ఏం పారబోస్తోందో తెలియొద్దూ" అని అత్తగారు ఊరెళ్తూ అంటే వంటింట్లో పెట్టించిన కెమెరా అది. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు కళ్ళు కూడా ఇచ్చారు. ఆ వీడియోలు ఆయన చూసేది మా కంపెనీ ప్లేయర్‌లోనే. దాని గురించి వచ్చే ఫిర్యాదులకు ఇంట్లో కూర్చుని జవాబులు రాయడం నా ఉద్యోగం. "టైపు కొట్టుకోవడం కూడా ఒక పనేనా" అంటాడు, జీతం పడ్డ రోజు తప్ప. గొంతును కుదించి ఫైల్లో దాచి, మళ్ళీ విప్పే పద్ధతిని కోడెక్ అంటారు. ఆ కెమెరా వాడే కోడెక్‌కు మా కంపెనీ లైసెన్సు రెండు నెలల కిందట ముగిసింది, యాప్‌లోంచి తీసేశారు. అప్పటినుంచి మా వంటిల్లు మూగబోయింది. ఎంత హాయిగా ఉండేదో! ఆ హాయిలోనే మంగళవారం అక్కతో అన్నీ చెప్పేశాను. ఆయన చెయ్యి చేసుకోవడం, పాప మంచం కింద దాక్కోవడం, వచ్చే నెల దాన్ని తీసుకుని నీ దగ్గరికే వచ్చేస్తాననడం. గొంతు ఫైల్లో భద్రంగానే ఉందండీ, మా ప్లేయర్ విప్పలేకపోతోందంతే అని వందమందికి రాసినదాన్ని, నా దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను.

"ఇరవై నిమిషాలు ఎవరితో?"

"అక్కతోనండి. కూర ఎలా చెయ్యాలో అడిగింది."

"ఏడుస్తూ చెప్తారా కూర?" నా మొహంలోకి చూశాడు. "ఇంకో యాప్ వేస్తే వినిపిస్తుందా?"

"లేదండి. ఎందులోనూ రాదు." అబద్ధం.

ఆయన తెరమీది చిన్న అక్షరాలు పైకి చదివాడు. 'లైసెన్సు కుదిరింది. సోమవారం అప్‌డేట్‌తో మాట తిరిగి వస్తుంది. మీ ఓపికకు ధన్యవాదాలు.' ఆ వాక్యాలు రాసింది నేనే. "సరే, సోమవారం విందాంలే," అని నవ్వి, టాబ్లెట్ చంకన పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఈరోజు శుక్రవారం. ఫైలు చెరిపేద్దామంటే పాస్‌వర్డు ఆయనది. కాళ్ళావేళ్ళా పడదామా అని కూడా ఒక క్షణం అనుకున్నాను, సిగ్గులేకుండా. గ్లాసు జారి పగిలింది. పెంకులు ఏరాను. తర్వాత కెమెరాకు వీపు పెట్టి, గిన్నెలు తోముతూనే, పదకొండేళ్ళుగా ఆయన ముందు అనలేనిది గట్టిగా అన్నాను.

"నువ్వంటే నాకు భయం. పాపకీ భయమే. ఈ సాయంత్రం బడి నుంచి అటే వెళ్ళిపోతున్నాం. అక్క దగ్గరికి కాదు, అక్కడ వెతకొద్దు."

ఎక్కడికో మాత్రం ఆ వంటింట్లో అనలేదు.