ఒక్క పొర మందం నాన్న

పొద్దున్నే పక్కవాటా పిన్నిగారు తలుపు కొట్టింది.

"మీ నాన్నగారు మా బాల్కనీలోకి వచ్చారమ్మా. క్లిప్పు పెట్టి ఉంచాను."

అమ్మాయి నాలుక కరుచుకుంది. కిటికీ మూయడం మళ్ళీ మరిచిపోయింది. చేసేది పరమాణువుల ఆచూకీ తీసే ఉద్యోగం, ఇంట్లో గడియ సంగతి మాత్రం గుర్తుండదు.

అమ్మ పోయాక నాన్న పలచబడుతూ వచ్చాడు. ముందు చొక్కాలు వదులయ్యాయి. తర్వాత ఆయనలోంచి వెనకున్న గోడ కనిపించసాగింది. ఇప్పుడు ఒక్క పరమాణువు మందం. డాక్టరు టానిక్కు రాసి, రైలు ప్రయాణం మాత్రం వద్దన్నాడు.

అందుకే ఆమెకి ఈ ఊళ్ళో ఈ ఉద్యోగమే కావాలి. సాయంత్రంలోగా ఒక ఫొటో రాకపోతే ఇది పోతుంది. ఇంకోటి దొరికేది రైలెక్కి వెళ్ళే ఊళ్ళోనే.

చెప్పుకుంటే చిన్న పనే. ఆమె తయారుచేసిన పలచటి పొరలో గంధకం పరమాణువులు రెండు వరసలు. పై వరస సరిగ్గా కింది వరస నెత్తిన కూర్చుంటే ఒక రకం. కాస్త పక్కకి జరిగి కూర్చుంటే ఇంకో రకం, కరెంటుని లోహంలా పారిస్తుంది. ఆమె చేసింది ఈ రెండోది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రుజువు చూపించాలి. తీరా ఎలక్ట్రాన్ల ధార తగలగానే అవి, ఫొటో అనేసరికి బుద్ధిమంతులైపోయే పిల్లల్లా, మొదటి రకంలోకి సర్దుకునేవి. ఆమె ఇంకాస్త సేపు చూసేది. అవి ఇంకాస్త సర్దుకునేవి.

ఆ రోజు నాన్నని చాపలా చుట్టి, సంచిలో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్ళింది.

"పెద్దాయన కులాసానా?" అని వాచ్‌మన్ సంచిలోకి వంగి పలకరించాడు.

మధ్యాహ్నం దాటేసరికి ఆ పొరలో ఒక్క ముక్కే మిగిలింది, మిగతావన్నీ పాడయ్యాయి.

"అంత గుచ్చి గుచ్చి చూస్తే ఎవరు మాత్రం ఉన్నట్టు ఉంటారే?" అన్నాడు నాన్న సంచిలోంచి. "నేను అడ్డం పడుకోనా?"

"దెబ్బ తగుల్తుంది నాన్నా!"

"నీ చిన్నప్పుడు బస్సులో ఎండ పక్కన ఎవరు కూర్చునేవారట? చిల్లు పడితే పడనీ."

ముక్కని పెట్టిన కడ్డీ వెంట ఆయన మిషన్లోకి జారి, చిటికెన వేలు ఆ ముక్క మీద పరిచాడు. ఆమె ధార బాగా తగ్గించింది. ఒక్క క్షణం చూసి, ధార ఆపేసింది.

తెర మీద పక్కకి జరిగిన వరసలు జరిగినట్టే కూర్చుని ఉన్నాయి. వాటి పైన తేనెపట్టులాంటి వల. వలలో ఒకచోట ఒక పరమాణువు లేదు. చుట్టుపక్కలవి ఆ ఖాళీ వైపు ఒరిగి ఉన్నాయి.

ల్యాబు నడిపే మేడమ్ వచ్చి కళ్ళజోడు సవరించుకుంది.

"రెండో రకమే! మరి పైన ఈ పొర ఎవరిది?"

"మా నాన్నదండి."

"బాగా కాపు కాశారు. పరిశోధన పేపర్లో ఆయన పేరు కూడా వెయ్యి. నీ ఉద్యోగం కొనసాగించమని ఇప్పుడే చెప్తాను."

నాన్న వేలు రుద్దుకుంటూ బయటికొచ్చాడు.

"చక్కిలిగింతలు పెట్టిందే నీ మిషను. రేపు ఎన్నింటికి రావాలి మనం?"

మనం అన్నాడు. ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా తేరిపార చూడబోయి, ఆగింది. ఖాళీ సంచి భుజాన వేసుకుని ముందు నడిచింది.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడు. బరువుగా, కాస్త ఈడుస్తూ.

ఆమె వెనక్కి తిరగలేదు.