అవును అన్న ముప్పై ఐదు ఇళ్ళు

మా ఊరు దబురు. సముద్రపు ఒడ్డున నిలబడితే గైబా దీవి కనిపిస్తుంది. పోటు మీద మోటారు పడవకి అరగంట. మధ్యలో ఎక్కడో సరిహద్దు రేఖ ఉంది. రేఖకి అవతలిది ఆస్ట్రేలియా. మాకు పాస్‌పోర్టు అక్కర్లేదు, ఊరి కౌన్సిలర్ రాసిచ్చే చీటీ చాలు. మా కౌన్సిలర్ సోగోమి మావయ్యే.

మా పిన్ని కైయా ఆ దీవి మనిషిని పెళ్ళి చేసుకుంది. అక్కడే పోయింది, అక్కడే పూడ్చారు. మనిషి పోయిన ఏడాదికో రెండేళ్ళకో సమాధి రాయి నిలబెట్టి గుడ్డలతో కప్పుతారు. బంధువులంతా వచ్చి ఒక్కొక్క గుడ్డా తీస్తారు. ఆఖరి గుడ్డ కన్నతల్లి తీయాలి. దాని కోసం మా అమ్మమ్మ రెండేళ్ళుగా మొగలి ఆకుతో చాపలు అల్లింది, ఒక గౌను కుట్టించుకుంది.

మే నెలలో ఆస్ట్రేలియా నుంచి బ్రిడీ అనే ఆమె వచ్చింది. డుగాంగుల మీద పరిశోధన చేసి పుస్తకం సమర్పిస్తే ఆమెకి డాక్టరేటు వస్తుంది. డుగాంగ్ అంటే సముద్రం అడుగున గడ్డి మేసే జంతువు, ఆవంత ఉంటుంది. దానికి సరిహద్దు తెలియదు కాబట్టి రెండు వైపులా అవే ప్రశ్నలు అడగాలంది. దీవిలో ముగించుకుని మా ఊరొచ్చింది. మా భాష రాని మనిషికి మాటలు తర్జుమా చేస్తూ తోడుండమని మా బడి మాస్టారు నన్ను పంపారు. బడిలో ఇంగ్లీషు బాగా రాసేది నేనే.

"ఈ పిల్లనా?" అన్నాడు మావయ్య. "దీని నోట్లోంచి మాట రావాలంటే బొరియలో చెయ్యి పెట్టి పీతని లాగినట్టు లాగాలి!"

మొదటి ఇల్లు మావయ్యదే. ‘ఈ ఏడాది రేఖ దాటి డుగాంగ్‌ను వేటాడారా?’ అని బ్రిడీ కాగితం మీద ఉంది. పక్కన రెండు గళ్ళు, యెస్ ఒకటి, నో ఒకటి. కానీ ఆమె అలా అడగలేదు.

"వేటాడారా అని మొహం మీదే అడిగితే దొంగని నిలదీసినట్టుంటుంది. మెత్తగా అడుగుదాం," అంది నాతో. మావయ్య వైపు తిరిగి, "మీరు వేటాడలేదు కదా?" అని అడిగింది.

"యెస్, యెస్," అన్నాడు మావయ్య, తనకీ ఇంగ్లీషు వచ్చునని చూపించుకుంటూ.

మేమంతా అలాగే అంటాం. వేటాడలేదు కదా అంటే, అవును, మీరన్నది నిజం, వేటాడలేదని. పిన్ని పోయిన దగ్గర్నుంచి పెద్దలు వేట మూసేశారు. ఆమె రాయి తెరిచేదాకా ఎవరూ బల్లెం ముట్టకూడదు. లోకానికంతా తెలిసిన సంగతే అన్నట్టు ఎవరూ ఇంకో ముక్క చెప్పలేదు.

మూడో ఇంట్లో చూశాను. బ్రిడీ టిక్కు యెస్ గడిలో పెట్టింది. అంటే వేటాడినట్టు. చెబుదామనుకున్నాను. ఆమె అప్పటికే లేచి నవ్వుతూ అందరికీ చేతులు కలుపుతోంది. ఆమె విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, నేను ఎనిమిదో తరగతి. ఆ గళ్ళకి నాకు తెలియని అర్థమేదో ఉంటుందేమో. ఆ సాయంత్రం డైరీలో రాశాను: ‘టిక్కులు తప్పు గడిలో పడుతున్నాయి. రేపు చెప్పాలి.’

ఆరు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. ఆరు రోజులూ అదే వాక్యం రాశాను. వెళ్ళేటప్పుడు బ్రిడీ నన్ను కౌగిలించుకుని, "నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదే కాదు," అంది.

ఆగస్టులో సరిహద్దు ఆఫీసు మనిషి వచ్చి చర్చి ముందు కాగితం చదివాడు. బ్రిడీ ఇచ్చిన లెక్కల ప్రకారం ముప్పై ఎనిమిది ఇళ్ళలో ముప్పై ఐదు, రేఖ దాటి వేటాడుతున్నట్టు తామే ఒప్పుకున్నాయట. దీవిలో ఒక్క ఇల్లూ ఒప్పుకోలేదట. అందుకని వచ్చే మార్చి నెలలో రెండు దేశాల సరిహద్దు మీటింగు జరిగేదాకా దబురు చీటీలు చెల్లవు. పిన్ని రాయి తెరిచేది అక్టోబరు రెండో శనివారం.

"ఎవడు ఒప్పుకున్నాడ్రా?" మావయ్య లేచాడు. "నా బల్లేనికి చెదలు పట్టింది, వచ్చి చూడండి!"

"నువ్వేనేమో బావా. ఆమె తెచ్చిన బిస్కెట్ పాకెట్ కనిపిస్తే నువ్వు దేనికైనా యెస్సే కదా," అన్నాడు మావయ్య బావమరిది డూబా వెనకనుంచి.

"మొన్న మీ ఇంట్లోంచి కొవ్వు కాలిన వాసన వచ్చిందే, అదేంట్రా?"

"అది పంది, నీ మొహం!"

నవ్వులు అక్కడితో ఆగిపోయాయి. ఎవరో వేటాడారు, ఎవరో ఒప్పేసుకున్నారు. అంతవరకు పక్కపక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చున్నారు. నేను లేచి నాలుగు మాటలు చెబితే చాలు. కూర్చునే ఉన్నాను.

అమ్మమ్మ మాత్రం ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, నేను వేటకి పోవట్లేదు, నా కూతురి రాయి దగ్గరికి. ఈ చేతులతో బల్లెం ఎత్తగలనా?"

"ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలమ్మా," అన్నాడు అతను, కాగితాలు సర్దుకుంటూ.

మూడు రోజులకి ధైర్యం తెచ్చుకుని బడి వెనక నీళ్ళ ట్యాంకు ఎక్కాను. ఊళ్ళో సిగ్నలు దొరికేది అక్కడే. బ్రిడీకి అంతా చెప్పాను.

"మరి నో అన్న మూడు ఇళ్ళు?"

"మాస్టారు, పాస్టరు, కొట్టు ఆయన. వాళ్ళు పట్నంలో చదివారు. వేటాడకపోతే మీలాగా నో అంటారు. దీవి వాళ్ళూ అంతే."

 అవతల ఏడుపు వినబడింది. "మరి అప్పుడే నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

ఫోన్ పెట్టేసి ట్యాంకు దిగాను.

రెండు రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసింది. ఫోన్లో చెప్పిన మాట ఆఫీసువాళ్ళకి చాలదట. అప్పట్లో రాసిపెట్టుకున్నది ఏదైనా ఉంటే, కౌన్సిలర్ సంతకంతో ఫొటో తీసి పంపమంది.

నా దగ్గర ఉంది. ఆరు రోజులదీ ఉంది.

డైరీ మావయ్య చేతిలో పెట్టి నిలబడ్డాను. పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. కొడతాడనుకున్నాను.

"ఆరు రోజులు," అన్నాడు. "ఆరు రోజులూ నా పక్కనే కూర్చుని సాగో రొట్టె తిన్నావు."

సంతకం పెట్టాడు. ఆ ఆదివారం చర్చి ముందు ఆ పేజీలు తనే చదివి వినిపించాడు. ఊళ్ళో ఒకరినొకరు అనుమానించుకోవడం ఇక ఆగాలన్నాడు. ఆగింది. అందరూ నా వైపు చూశారు.

"నోట్లో నాలుక లేని పిల్లని పంపితే, ఊరి నోరే మూయించుకొచ్చింది," అన్నాడు డూబా. ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ చాప అంచు చూసుకుంటూ కూర్చుంది.

సెప్టెంబరు ఆఖరున ఉత్తరం వచ్చింది. పేజీలు అందాయి, మార్చి మీటింగులో పరిశీలిస్తారు, అంతకుముందు ఎవరికీ అధికారం లేదు. దానితోపాటు బ్రిడీ రాసిన చీటీ ఉంది. తన పుస్తకంలోంచి మా ఊరి అధ్యాయం తీసేసిందట. క్షమించమంది. పుస్తకంలోంచి మేము పోయాం. ఉత్తర్వు అలాగే ఉంది.

చాపలు పక్క ఊరి పడవలో పంపించాం. వాళ్ళ చీటీలు చెల్లుతాయి. ఆఖరి గుడ్డ పిన్ని అత్తగారు తీస్తుందని కబురొచ్చింది.

ఆ శనివారం సముద్రం నూనెలా ఉంది. పొద్దున్నే అమ్మమ్మ కొత్త గౌను తొడుక్కుని ఒడ్డున కూర్చుంది. నేను నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను. దీవి మీద విందు పొగలు లేచాయి. నేల కింద మాంసం కాలుస్తున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"అమ్మమ్మా, మార్చిలో వెళ్దాం. నేను తీసుకెళ్తాను."

"మార్చిలో ఏముంటుందక్కడ?" అంది, నా వైపు చూడకుండా. "తెరిచేసిన రాయి ఉంటుంది."

పొగలు సన్నబడేదాకా కూర్చుని లేచింది. ఇంట్లోకి వెళ్ళి గౌను మార్చుకుంది. నేనూ వెనకే వెళ్ళి కూర్చున్నాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా ఒళ్ళో వేసింది.

"నన్ను పూడ్చేటప్పుడు ఇది తొడగండి. దీనికిక వేరే పని లేదు. మీ అమ్మకి చెప్పు."

నేను డైరీ పెట్టిన అర వైపు చూశాను.

"రాయడం కాదు," అంది. "నోటితో చెప్పు."

వంటింట్లో అమ్మ పీతలు కడుగుతోంది. వెళ్ళి చెప్పాను.