సోములమ్మ వదిలిన మూల

నా పెళ్లాం సోములమ్మకు కోపమొస్తే అరవదు. అదే నా ఖర్మ. అరిస్తే నేనూ రెండు అరిచి ఊరుకునేవాణ్ణి.

రోడ్డు పక్కనున్న మా పొలం చెక్కలో టెంట్లు వేస్తానని విశాఖ నుంచి తరుణ్ అనే కుర్రాడు వచ్చాడు. చలికాలంలో అరకు చూడ్డానికి వచ్చేవాళ్లకు గదులు చాలడం లేదట. కాగితాల మీద పేరు నాది, పెత్తనం అతనిది. ఇరవై ఏళ్లుగా ఘాట్ రోడ్డు మీద సర్వీసు జీపు తోలి నా నడుం పడిపోయింది. సరే అనేశాను.

ఇంటికొచ్చి చెబితే, సోములమ్మ రాగి అంబలి గిన్నె నా ముందు పెట్టింది.

"ఈ సోళ్లు ఏ సెక్కలోవి?" అంది.

"కొనుక్కుందాం లేవే."

"మేకులు కొట్టి సిమెంటేసినాక మళ్లీ దున్నుతావేటి?"

గిన్నె పక్కకు నెట్టి లేచిపోయాను.

మర్నాడు పెదబయలు సంతకు జీపు తోలుకుపోయి చీకటి పడ్డాక వచ్చాను. ఆ మర్నాడు పొద్దున్నే తరుణ్ తాడూ మేకులూ సుత్తీ పట్టుకుని దిగాడు. ఇద్దరం వెళ్లి చూద్దుము కదా, చెక్కంతా దున్ని ఉంది. ఊళ్లో ఆడవాళ్లందరినీ పోగేసి చోళ్లు చల్లేసింది మహాతల్లి. చాట పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటే ఈ పని? నా మాటకి ఇలువ లేదా?"

"ఆ మూల సల్లలేదు," అంది నెమ్మదిగా. "నీకే వొదిలినాను. మేకు కొడతావో, గింజలు సల్లుతావో నీ ఇట్టం."

తరుణ్ చేతిలోంచి మేకూ సుత్తీ లాక్కుని విసురుగా మూల దాకా నడిచాను. కాళ్లకు మట్టి చల్లగా తగిలింది. చూసుకుంటే చెప్పులు లేవు. విత్తిన నేలలో మా ఇంట ఎవరూ చెప్పులతో అడుగు పెట్టరు. గట్టు దగ్గర ఎప్పుడు విడిచానో నాకే తెలియదు.

పెళ్లైన ఏడు ఆ మూల రాళ్లన్నీ మేమిద్దరమే ఏరాం. ఇప్పుడు ఆమె కూర్చున్న గట్టు ఆ రాళ్లతో పెట్టిందే. చెబితే సిగ్గు గానీ, ఏడుపొచ్చింది.

వెనక్కొచ్చి మేకూ సుత్తీ తరుణ్‌కి ఇచ్చేశాను.

"ఏటనుకోకు బాబూ, తప్పు నాదే. టీ తాగి ఎల్దువుగాని."

సోములమ్మ వైపు చేయి చాచాను. చాట అందించింది. వెళ్లి గింజలు చల్లడం మొదలుపెట్టాను.

"పల్సగా సల్లు," అంది గట్టు మీంచి. "అక్కడ కుప్పేసినావు."

పెళ్లైన ఏడు కూడా ఇదే మాట అంది. ఈ ఆడగుంట మీద నాకు అప్పుడూ ఇంతే కోపం, ఇంతే ప్రేమ.