అడగందే ఓటు పడదు

అసిరమ్మ భీష్మించుకు కూర్చుంది. ఓటు వెయ్యనంటే వెయ్యనంది.

ఏడు దేశాల తీరాల్లో చేపల పని చేసుకునేవాళ్ళు కలిసి పెట్టుకున్న సమాఖ్యకు అధ్యక్ష ఎన్నిక అది; పోటీలో ముగ్గురున్నారు. మొత్తం నలభై ఊళ్ళు, ఊరికొక ఓటు. కళింగపట్నం ఎండుచేపల ఆడవాళ్ళు తమ ఓటును అసిరమ్మ చేతిలో పెట్టారు. సాయంత్రం ఐదింటికల్లా ఫోనులో మీట నొక్కాలి. నాలుగు దాటిపోయింది. ఆవిడేమో ఇసకలో ఎండుతున్న నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది. సంఘం రాతకోతలు చూసే మేనకోడలు దుర్గ ఫోను పట్టుకుని ఆవిడ చుట్టూ తిరుగుతోంది.

"అత్తా, నీ కాళ్ళట్టుకుంతాను. మన ఊరి ఓటు గంగలో కలిసిపోతాది."

"వార్డు మెంబరుకి నిలబడ్డోడు కూడా గుమ్మంలోకొచ్చి దండమెట్టి అడుగుతాడు. ఈళ్ళు ముగ్గురూ పొటోలు పంపీసి ఊరుకున్నారు. అడగనోళ్ళకి ఓటేటే? మనం మనుసులం గామా?"

ఆ మాటలో తప్పేముంది? దుర్గ తెగించి, జాబితాలో మొదటి పేరుకు వీడియో కాల్ కలిపింది. శ్రీలంక మల్లిక. తెరమీద చేతినిండా పొలుసులతో ఒకావిడ కనిపించింది. దుర్గ వచ్చీరాని ఇంగ్లీషులో సంగతి చెప్పగానే మల్లిక నాలిక్కరుచుకుంది. గబగబా చేతులు కడుక్కుని రెండు చేతులూ జోడించింది.

"అడుగుతన్నాదత్తా!"

"అడగనీ. సముద్రంలోకి ఏటకెల్లినోడే మత్స్యకారుడంట, ఎండబెట్టే మనం ఉత్త సాయమంట. సమాఖ్య పుస్తకంలో ఆ ముక్క కొట్టిస్తాదేటో కనుక్కో."

దుర్గ అడగగానే మల్లిక ఫోను వెనక్కి తిప్పింది. ఇసకమీద చాపలు, చాపల నిండా ఇవే నెత్తళ్ళు. తననూ అలాగే రాశారనీ, అది కొట్టించడానికే నిలబడ్డాననీ చెప్పింది.

అసిరమ్మ పకపకా నవ్వేసింది. ఐదుకు పది నిమిషాలుండగా మీట నొక్కింది.

మర్నాడు ఫలితం వచ్చింది. మల్లిక మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. దుర్గ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"మన ఓటు లెక్కెట్టారా?"

"ఎట్టారత్తా."

"మరేటే ఆ ఏడుపుమొకం? మూడంటే మూడేగా!"

అసిరమ్మకు ఓడినట్టే లేదు. ఓటేసి సర్పంచుల్ని గెలిపించినప్పుడు కూడా ఇంత తృప్తి ఎరగదు.

"రెండేళ్ళకి మళ్ళా నిలబడమని ఆ మల్లికకి సెప్పు. ఈపాలి ఆవిడ తరఫున నానడుగుతాను. ఆ నలభై ఊళ్ళ నంబర్లూ ఉన్నాయి కదా, ముందు బంగ్లాదేశ్ కలుపు."