ధార తెగకుండా

“ధార తెగకూడదు. సన్నగా పొయ్యి,” అన్నాడు పురుషోత్తం, నా వైపు చూడకుండానే.

మహాలయ అమావాస్య. ఐర్లాండ్‌లోని ఎన్నిస్ ఊళ్లో మా అద్దె ఇంటి వంటగది. తెనాలి నుంచి శాస్త్రిగారు ఫోన్‌లో మంత్రం చెబుతుంటే, నా భర్త వేలికి దర్భ చుట్టుకుని పళ్లెం ముందు కూర్చుని తర్పణం వదులుతున్నాడు. నేను పక్కన కూర్చుని అతని దోసిట్లోకి చెంబుతో నీళ్లు పోస్తున్నాను. ఐదింటికి లేచి గారెలకి పప్పు రుబ్బింది నేను, నువ్వులు కడిగింది నేను, చెంబు పట్టుకుంది నేను. నీళ్లు మాత్రం అతని చేతి మీదుగా జారితేనే పెద్దలకి అందుతాయట. మినప్పిండి వాసనకి మూడుసార్లు సింకు దగ్గరికి పరిగెత్తాను. ఎందుకో అతనికి తెలుసు. నాకు ఎనిమిదో వారం.

ఆదివారమే చెప్పాను, నాకు వద్దని కూడా చెప్పాను. కారణం అడిగాడు. నాకు ముప్ఫై తొమ్మిది, ఆశ్రితకి పదకొండు. వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో లాండ్రీ పనికి చేరి మూడేళ్లు. పొద్దున బస్సెక్కి, నా పేరున్న బ్యాడ్జి పెట్టుకున్నాక, తొమ్మిది గంటలపాటు నేను ఎవరి భార్యనీ కాను, ఎవరి కోడలినీ కాను. ఇదంతా చెప్పబోయి ఆగిపోయాను. వద్దు అనడమే కారణం కాదా? అతను మాత్రం అప్పటికే వాళ్లమ్మకి ఫోన్ కలిపాడు. “పిచ్చా నీకు? అది ప్రాణం గిరిజా. ప్రాణం తీస్తే ఆ పాపం ఊరికే పోదు,” అన్నాడు. స్పీకర్‌లోంచి అత్తయ్యగారు, “ఈసారి మగపిల్లాడేనమ్మా, నా మనసుకి తెలుస్తోంది,” అన్నారు. ఆరేళ్ల కిందట ఇదే తల్లీ కొడుకులు ఏమన్నారో నాకు బాగా గుర్తుంది. అప్పుడూ కడుపుతో ఉన్నాను, ఆ బిడ్డ నాకు కావాలి. అతనికి ఐర్లాండ్ ఉద్యోగం వచ్చింది, వీసాలు రావాలి. “రెండు నెలల రక్తపు ముద్ద, దానికేం ప్రాణం? అక్కడికెళ్లాక తీరిగ్గా కనొచ్చు,” అన్నాడు. “కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది,” అన్నారు ఆవిడ. విజయవాడ ఆస్పత్రిలో నేను కళ్లు మూసుకున్నాను. అతను బయట కారులో మీటింగ్‌లో ఉన్నాడు.

సోమవారం ఒక్కదాన్నే జీపీ దగ్గరికి, అంటే మా ఊరి డాక్టరు దగ్గరికి, వెళ్లాను. ఆవిడ మర్యాదగా మాట్లాడింది. ఇక్కడి చట్టం ప్రకారం ఆలోచించుకోవడానికి మూడు రోజులు ఆగాలట, గురువారం పదింటికి వస్తే మందులిస్తుందట. నవ్వొచ్చింది నాకు. పెళ్లికి, కాన్పుకి, దేశం మారడానికి, విజయవాడలో ఆ బల్ల ఎక్కడానికి, నా జీవితంలో దేనికీ నన్ను ఆలోచించుకోమని ఎవరూ మూడు నిమిషాలు ఇవ్వలేదు.

మంగళవారం లాండ్రీలో దుప్పట్లు మడుస్తూ వన్‌పెన్‌కి చెప్పాను. ఆమెది థాయ్‌లాండ్, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. దుప్పటి చెరో కొసా పట్టుకుని, దగ్గరికొచ్చి మడత కలిపి, మళ్లీ దూరం జరుగుతూ మాట్లాడుకోవడం మాకు అలవాటు. “బాప్,” అంది మెల్లగా. మన పాపమే వాళ్ల బాప్. “మా ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా బాప్ అనే అంటుంది. నేనూ అంటాను. నా మొదటి మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. అప్పుడు నేను తీయించుకున్నాను. నన్ను తీసుకెళ్లిన మా అక్క కూడా దారి పొడుగునా బాప్, బాప్ అని ఏడుస్తూనే ఉంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.”

ఏటా పక్కనున్న లిమెరిక్ ఊళ్లో తెలిసినవాళ్లింటికి బౌద్ధ భిక్షువులు వచ్చినప్పుడు వన్‌పెన్ పాల డబ్బాలు, చిన్న బట్టలు ఇచ్చి వస్తుందట. ఆ పుణ్యం బిడ్డకి చేరాలని, గిన్నెలోకి సన్నగా నీళ్లు పోస్తూ వాడి పేరు తలుచుకుంటుందట. తర్వాత ఆ నీళ్లు చెట్టు మొదట్లో పోస్తుందట. “వాడికిప్పుడు ముప్ఫై రెండేళ్లు,” అంది, పక్కింటి కుర్రాడి సంగతి చెప్పినట్టు. నాకు అసూయ కలిగింది. ఆమె పోగొట్టుకున్నదానికి పేరుంది, వయసుంది, ఏడాదికో రోజుంది. వెంటనే కోపమూ వచ్చింది.

“ఆ కొట్టినవాడికి బాప్ లేదా?” అన్నాను.

“భిక్షువుని అడిగాను. ఆయన టీ తాగారు.”

ఇద్దరం నవ్వాం, ఏడుపు ఆపుకోవడానికి. “మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నాను.

“చెయ్యమనను, మానెయ్యమనను. బాప్ లేదని అబద్ధం కూడా చెప్పను. మోసేది నువ్వు. మోయనివాళ్లని అడక్కు.” ఆ దుప్పటి మడిచి పెట్టేసి ఇంకోటి తీసింది.

ఇప్పుడు ఫోన్‌లో శాస్త్రిగారు, “ఇక చివరిదండీ. తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేకుండా పోయినవాళ్లకి,” అన్నారు. నా చెయ్యి ఆగిపోయింది.

“శాస్త్రిగారూ, కడుపులో పోయినవాళ్లకి కూడా ఇది అందుతుందాండీ?” అని అడిగాను.

పురుషోత్తం గభాల్న ఫోన్ మ్యూట్ చేశాడు. “ఏం మాటలవి ఆయన ముందు?”

“విజయవాడలో పోయిందానికి. ఒక్క దోసిలి వదలండి.”

“దానికి పేరుందా, గోత్రముందా? అసలది ప్రాణమే కాదు గిరిజా. లేనిదానికి నీళ్లేంటి?” అని మ్యూట్ తీసేసి, “సిగ్నల్ పోయిందండీ, చెప్పండి,” అన్నాడు.

ఆదివారం నాడు ప్రాణం, ఇవాళ బుధవారం నాడు కాదు. కావాలని అబద్ధమాడాడని కూడా అనలేను. తను అక్కర్లేదంటే ముద్ద, కావాలంటే ప్రాణం, అంతే అతనికి. పదిహేనేళ్లు ఈ మనిషిని ఒప్పించడానికి నేను పోగుచేసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిమాలినవైపోయాయి. బాధేసింది. కాస్త తేలికగానూ అనిపించింది. తర్పణం పూర్తయ్యేదాకా ధార తెగకుండా పోశాను.

అతను చెయ్యి తుడుచుకుని లేచాక చెంబు కడిగి, కుళాయి నీళ్లు నింపుకుని పెరటి తలుపు తీశాను. యూనిఫాంలో సీరియల్ తింటున్న ఆశ్రిత, “అమ్మా, ఇట్స్ లాషింగ్ అవుట్ దేర్,” అంది. నిజంగానే జోరు వాన. కంచె పక్క ఫ్యూషియా పూలపొద మొదట్లో వంగి, సన్నగా పోశాను. ఆరేళ్లుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు పైకి అన్నాను. “సుధేష్ణా.”

“హూ ఈజ్ దట్?” ఆశ్రిత గొడుగుతో వెనకే వచ్చింది.

“నీ చెల్లెలు. నేను సరిగ్గా ఏడవలేదు దాని కోసం. సాయంత్రం చెబుతాను.”

అది గొడుగు నా మీదకి జరిపి, తన భుజం తడుస్తున్నా అలాగే పట్టుకుంది. తలుపు దగ్గర పురుషోత్తం గొంతు వినిపించింది. “ఏం చేస్తున్నావక్కడ? ఆడవాళ్లు వదలకూడదు, తెలీదా?”

“పొద్దుట్నుంచీ పోస్తున్నది నేనే కదండీ,” అన్నాను, చెంబు బోర్లించి ఆఖరి చుక్క దాకా వంపుతూ. “రేపు పదింటికి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. వచ్చే ఏడు ఇద్దరికి పోస్తాను.”