మూడు గంటల గడువు

నేను ఒక గడియారాన్ని. నాకు ముళ్ళు లేవు, వేలాడడానికి గోడ లేదు. ఫోనులో అమ్మకం పేజీ నెత్తిన కూర్చుని, ఎర్రటి అంకెలతో వెనక్కి నడుస్తాను. మిగతా గడియారాలు ఎంతయిందో చెబుతాయి, నేను ఎంత మిగిలిందో చెబుతాను. మొదటిది మనుషులకు పట్టదు. రెండోది వింటే కాళ్ళూ చేతులూ ఆడవు.

నన్ను ఎవరో ఎక్కడో ప్రోగ్రాముగా రాసి ఊరికే పంచిపెట్టారు. తెచ్చుకున్నది నరసాపురంలో బ్లెస్సీ అనే అమ్మాయి. వాళ్ళమ్మ ఎస్తేరు రాణి గారు లేసు అల్లికలో చేయి తిరిగిన మనిషి. ఫోనులో పాఠాలు చెప్పేవారు. ఏడాదికి రెండుసార్లు, ఈస్టరు వెళ్ళాక ఒకసారి, వానాకాలంలో ఒకసారి, ఐదేసి రోజులు మాత్రమే పేర్లు రాసుకునేవారు. ఆ ఐదు రోజులూ నేను నడిచేదాన్ని. సున్నా వచ్చిందంటే తలుపు పడ్డట్టే. అప్పట్లో నా మాటకు విలువుండేది.

ఆ పట్టింపుకు కారణం ఉంది. ఆవిడ అందరికీ కలిపి మొదటి ముడి దగ్గర్నుంచి నేర్పేవారు. "మొహాలొద్దమ్మా, చేతులు చూపించండి" అనేవారు. తెరనిండా ముప్పై జతల చేతులు. ఎవరి దారం బిగిసింది, ఎవరి వేలు అడ్డమొచ్చింది, అన్నీ ఆవిడే చూసి చెప్పేవారు. ఆలస్యంగా వచ్చి బతిమాలినవాళ్ళకు ఒకటే జవాబు. "గొలుసల్లిక మొదలైపోయిందమ్మా. మధ్యలో వచ్చి కూచుంటే నీ చెయ్యెవరు చూత్తారు?"

బ్లెస్సీ అమ్మకాల మెళకువలు చెప్పే తరగతికి ఒకదానికి వెళ్ళొచ్చింది. "ఏడాదికి పది రోజులు తలుపు తీసి మిగతాదంతా మూసుకునే యాపారం ఎవరు చేత్తారమ్మా?" అంది. పాఠాలన్నీ వీడియోలు తీసింది. ఏడాది పొడవునా ఎప్పుడైనా చేరొచ్చని రాసింది. నన్ను పక్కన పెట్టింది.

జనం వచ్చారు, చూశారు, "చూద్దాంలే" అనుకుని పోయారు. ఎప్పుడైనా దొరికేదాన్ని మనిషి ఇవాళ కొనడు. రెండు నెలలు ఈగలు తోలుకున్నాక బ్లెస్సీకి మళ్ళీ నేను గుర్తొచ్చాను. ఈసారి నన్ను మార్చి పెట్టింది. ఎవరు ఎప్పుడు పేజీ తెరిచినా వాళ్ళకు అప్పటినుంచి మూడు గంటలు చూపించాలి. అవి అయిపోతే మర్నాడు మళ్ళీ మూడు గంటలు. తలుపు మాత్రం ఎప్పుడూ పడదు.

"ఇదేంటే, మూడు గంటలే అంటంది?" అని ఎస్తేరు రాణి గారు ఒకసారి అడిగారు. "ఆఫరమ్మా. అందరూ ఇలాగే పెడతారు" అంది కూతురు. ఆవిడ తన దారం కండె తీసుకుని వెళ్ళిపోయారు. మూడు గంటలయ్యాక ఏమవుతుందని ఇంకొక్క ప్రశ్న అడగాల్సింది. అడగలేదు.

భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో నాగవేణి అనే ఆమె పనిచేసేది. పొద్దస్తమానం ఐసు మీద రొయ్యలు ఒలిచీ ఒలిచీ వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. అవి పూర్తిగా మొరాయించక ముందే పొడిచేతి పని ఒకటి పట్టుకోవాలని ఆమె ఆశ. అన్నాల వేళ ఫోను తెరిచింది. లేసు పాఠాల పేజీ మీద నేను కనబడ్డాను. డబ్బు కట్టే ఫోను ఇంట్లో భర్త దగ్గరుంది. సాయంత్రం దాకా ఆగితే నేను సున్నాకొచ్చేస్తాను.

ఇంటికెళ్ళొస్తానని సూపర్‌వైజర్‌ని అడిగింది. "లైనొదిలితే పేరు కొట్టేత్తాం, నీ ఇట్టం" అన్నాడతను. ఆమె ఒకసారి నా వంక చూసింది. చేతులు కడుక్కుని నడిచి వెళ్ళిపోయింది. ఇంకా పదకొండు నిమిషాలుండగా డబ్బు కట్టి పాఠాల్లో చేరింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నాకు గర్వమేసింది.

వీడియోలో ఎస్తేరు రాణి గారు తియ్యగా మాట్లాడతారు గానీ ఎవరినీ చూడరు. నాగవేణి బిగిసిన వేళ్ళకు సన్నటి సూది చిక్కలేదు. భయంకొద్దీ దారాన్ని ఇంకా గట్టిగా లాగింది. బల్లమీద చదునుగా పరుచుకోవాల్సిన లేసు గిన్నెలా ముడుచుకుపోయింది. తప్పు తనదేననుకుని విప్పింది, అల్లింది, మళ్ళీ విప్పింది.

పదో రోజున పక్కింటామెకు చూపిద్దామని ఆమె ఫోనులో ఆ పేజీ తెరిచింది. నేను ఎప్పటిలాగే మూడు గంటలతో మొదలయ్యాను. నాగవేణి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత పేజీ కింద ఉన్న నంబరుకు ఫోను చేసింది.

"అమ్మా, ఆయేళే ఆఖరన్నారు కదండీ? ఇయ్యేల మళ్ళీ మూడు గంటలంటందేంటండీ? నేను పని వదిలేసుకుని వచ్చేనండి. లేసు చూత్తే గిన్నెలా ముడుచుకుపోతందండి."

ఫోనెత్తింది ఎస్తేరు రాణి గారు. "నీ చేతులు చూపించమ్మా" అన్నారు. ఫోనులో చూశారు. మర్నాడు బస్సెక్కి స్వయంగా వెళ్ళి చూశారు. సూదికి గుడ్డ పీలిక చుట్టి లావు చేసి ఇచ్చారు. లేసు చదునుగా పరుచుకుంది. ఐదు నిమిషాల పని. కానీ ఆ అల్లిక మీద తిండి గింజలు రావాలంటే నెలలు పడుతుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అక్కణ్ణుంచి షెడ్డు గేటు దగ్గరకు వెళ్ళారు. తప్పు తమదేనని ఎస్తేరు రాణి గారు సూపర్‌వైజర్‌కు చేతులు జోడించి చెప్పారు.

"ఆయ్, అలాగేనండి, కానీ ఆ చోట్లో వేరే ఆవిణ్ణి పెట్టేసేం" అన్నాడతను. "లైనొదిలితే పేరు కొట్టేత్తామన్నాం, కొట్టేసేం. మేం ఒకటి చెప్పి ఒకటి చెయ్యం కదండీ."

ఆవిడ ఇంటికొచ్చి ఈ మాట కూతురికి చెప్పారు. బ్లెస్సీ నన్ను తీసి కంప్యూటరు చెత్తబుట్టలో పడేసింది. ఇక్కడ చీకటేమీ లేదు, నొప్పీ లేదు. ఆలోచించుకోవడానికి కావాల్సినంత తీరిక. ఆ మధ్యాహ్నం నాగవేణి ముందు రెండు గడువులున్నాయి, నాదొకటి, షెడ్డువాళ్ళదొకటి. నిజంగా ముగిసేదాన్ని వదిలేసి, ఆమె నాకోసం పరిగెత్తింది.