ఏడికని అడగొద్దు

హెల్మమ్మ కాళ్ళకు బూట్లు తొడిగి, లేసులు ముడివేసి, నేను నడుం పట్టుకుని లేచేలోపే ఆమె అడిగింది. "కుహు?"

వినడానికి కోయిల కూతలా ఉంటుంది గానీ, ఎక్కడికి అని దాని అర్థం. ఎక్కడికేముంది, రోజూ వెళ్ళే ఖురం బీచ్‌కే, రోజూ వెళ్ళే రోడ్డు మీదుగానే. అయినా చెప్పందే ఆ మనిషి గడప దాటదు. "బీచ్ అమ్మా, బీచ్" అన్నాను. తల ఊపి చేతికర్ర అందుకుంది.

హెల్మమ్మ అసలు పేరు హెల్మి. మా మేడంకు తల్లి. వాళ్ళది ఎస్టోనియా అనే దేశమట. మెట్‌పల్లిలో కాదు కదా, కరీంనగర్‌లో కూడా ఆ పేరు విన్నవాళ్ళు ఉండరు. అది రష్యా నుంచి విడిపోయాక మేడం తల్లిని మస్కట్‌కు తెచ్చుకుంది. సార్ రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. నా భర్త భూమయ్య ఆయనకు డ్రైవరు. రెండేళ్ళ కింద ఈ విల్లాలోనే పనిమనిషి వీసా సంపాదించి నన్ను రప్పించాడు. "ఇద్దరం ఒక్కకాడ ఉంటం, రెండేండ్లు కష్టపడి ఇంటికి వోదాం" అన్నాడు. వచ్చాను. నా జీతం నేరుగా ఆయన చేతికే వెళ్తుంది. ఒకసారి అడిగితే, "మొగడు పెండ్లాలకు రెండు జేబులెందుకే?" అని నవ్వాడు. విల్లాలో డ్యూటీ దిగాక, వెనకాల మా ఒక్క గదిలో రెండో డ్యూటీ మొదలవుతుంది. శుక్రవారం వస్తే సైట్ నుంచి ఆయన దోస్తులు దిగుతారు. వాళ్ళందరికీ వండి, వడ్డించి, గిన్నెలు తోమి గోడకు చేరగిలబడితే, "ఏసీ ఇంట్ల తిరిగేదానికి గూడ నడుం నొప్పేనా?" అని అందరి ముందూ అంటాడు. వాళ్ళు నవ్వుతారు. నేను కూడా నవ్వేదాన్ని, నవ్వకపోతే గర్వమంటారని.

హెల్మమ్మకు ఇంగ్లిషు రాదు, నాకు ఆమె భాష రాదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నడిపించమని ఆమెను నాకు అప్పగించారు కాబట్టి, మా ఇద్దరి మధ్య ఉన్న మాటలన్నీ దారి మాటలే. ఒత్సె అంటే తిన్నగా. పరెమలె అంటే కుడికి, వసకులె అంటే ఎడమకు. మలుపు రాగానే కర్రతో చూపించి నాతో అనిపించేది. తప్పు చెబితే ఆగిపోయి, చిన్నపిల్లను చూసినట్టు చూసేది. ముప్పై ఏళ్ళ వయసులో మొదటిసారి కుడి ఎడమలు నేర్చుకున్నాను. పెళ్ళిలో కొంగుముడి పడ్డ నాటి నుంచి నాకు దారి తెలియాల్సిన పనే పడలేదు మరి. ముందు నడిచే మనిషి మడమలు కనిపిస్తే చాలు, వెనకాలే వెళ్ళిపోవడమే.

సాయంత్రం నేను విల్లా నుంచి వెనక గదికి బయల్దేరేటప్పుడు కూడా హెల్మమ్మ అడిగేది. "కుహు సా ల్యాహెత్?" ఎక్కడికి వెళ్తున్నావు అని. "కొయు" అనాలి. ఇంటికి అని. నా జీవితంలో అంతకుముందు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేనెక్కడికి పోతాను గనక అడగడానికి? అందుకే మొదట్లో ఆ మాట చెబుతుంటే సంబరంగా ఉండేది. తర్వాత తర్వాత, ఆ ఇరుకు గది తలుపు తీసి, సింకులో పడేసి ఉన్న మగవాళ్ళ పళ్ళేలు చూసి, ముసలామెతో అబద్ధమాడి వచ్చానా అనిపించేది.

మా దగ్గర బయటికి పోయేవాళ్ళను ఏడికి అని అడగకూడదు. అడిగితే పోయే పని చెడుతుంది. "దూరమా?" అనాలి, అదీ పెద్దవాళ్ళే అనాలి. పెళ్ళయిన కొత్తలో తెలియక కాదు, మురిపెం కొద్దీ చెప్పులేసుకుంటున్న ఆయన్ను అడిగాను. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. శకునం పోవడానికి కాసేపు కుర్చీలో కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి, నా చెంప మీద ఒకటి వేసి పోయాడు. మా అత్త శాంతమ్మ పొయ్యి దగ్గర నుంచి, "నోరు అదుపుల వెట్టుకోవాలె బిడ్డా" అంది. పెట్టుకున్నాను.

నేను మస్కట్‌కు బయల్దేరిన రోజు నా కూతురికి నాలుగేళ్ళు. ఆటో ఎక్కుతుంటే అరుగు మీద నుంచి, "ఏడికే అమ్మా?" అని కేకేసింది. మా అత్త ఒక్క ఉదుటున దాని నోరు మూసింది. వెనక్కి తిరిగితే అదింకో అపశకునం. తిరగలేదు. అరచేతి కింద నలిగిన ఆ పిల్ల గొంతు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

ముసలామె ఎందుకింతగా అడుగుతుందో మేడం ఒకరోజు చెప్పింది. హెల్మమ్మ పడుచుగా ఉన్నప్పుడు, తెల్లవారకముందే సైనికులొచ్చి మూట కట్టుకోమన్నారట. సామాన్ల రైలు పెట్టెలో ఊళ్ళకు ఊళ్ళను కుక్కి తీసుకుపోయారట. రైలు ఆగిన ప్రతిచోటా, "కుహు?" అని అడిగిందట. ఒక్కడూ చెప్పలేదు. తీరా చూస్తే సైబీరియా. ఎనిమిదేళ్ళకు గానీ తిరిగి రాలేదు. "అప్పటి నుంచి చెప్పనిదే ఏ బండీ ఎక్కదు, రాజేశ్వరీ" అంది మేడం. నేను కూరగాయలు తరుగుతున్నాను. కళ్ళలో నీళ్ళొస్తే ఉల్లిపాయల మీదికి తోశాను.

చోద్యమేమిటంటే, ఆమె కారు ముందు నిలబడి "కుహు?" అన్నప్పుడు మా ఆయన జవాబు చెప్పేవాడు. డోర్ తీసి పట్టుకుని, కొంచెం వంగి, మేడం తల్లిని పిలిచినట్టే మామా అని పిలుస్తూ, "సూపర్ మార్కెట్, మామా", "హాస్పిటల్, మామా" అనేవాడు. ఒక్కరోజు కూడా నీళ్ళు తాగి కూర్చోలేదు. గదికి వచ్చాక మాత్రం, "పొద్దుగాల పొద్దుగాల ముసల్ది అపశకునం వల్కుతది" అని గొణిగేవాడు. శకునానికి కూడా ఎవరి మీద చెయ్యెత్తాలో బాగా తెలుసు.

పోయిన శనివారం అన్నం తింటూ చెప్పాడు. "సార్ కాంట్రాక్ట్ అయిపోయింది. శుక్రారం అందరు వోతున్నరు. నువ్వు గూడ బట్టలు సదురుకో."

నా గుండె ఎగిరింది. "మన ఊరికేనా?" అన్నాను.

"సదురుకోమన్న గద."

"మరి నువ్వు?"

"నాకు ఈడనే మస్కట్‌ల, రువీల కొత్త డ్యూటీ దొరికింది."

"మరి నేనేడికి?"

పళ్ళెంలో చెయ్యి ఆగింది. "బయలెల్లే ముందల ఆ మాట అనద్దని ఎన్నిమాట్ల చెప్పాలె నీకు? దరిద్రపు నోరు."

ఇంకేం అడగను? మన ఊరికే అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. రెండేళ్ళన్నాడు, రెండేళ్ళయింది. మేడం ఇచ్చిన ఎర్ర గౌను పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టాను. ఆరేళ్ళ పిల్లకు పడుతుందో లేదోనని రోజూ తీసి కొలుచుకున్నాను. కొలవడానికి ఎదురుగా పిల్ల ఉందా ఏమన్నానా, గాలిలో చెయ్యి పెట్టి ఇంత పెరిగి ఉంటుంది అనుకోవడమే.

శుక్రవారం పొద్దున విల్లా ముందు కారు, దాని వెనక ఒక పికప్ నిలబడ్డాయి. పికప్ నడిపేది జహీరుద్దీన్ అట, హైదరాబాద్ మనిషి. మా ఆయన నా పాస్‌పోర్ట్ నాకివ్వకుండా అతనికిచ్చి, నా పెట్టె ఎక్కించాడు. హెల్మమ్మ కర్ర ఆనించుకుని నా దగ్గరికొచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"కుహు సా ల్యాహెత్?"

కొయు అనబోయాను. "మా ఎయ్ తెయా" అన్నాను. నాకు తెలియదు అని, మలుపు దగ్గర తడబడితే అనమని ఆమె నేర్పిన మాటే. ఆమె నేర్పిన భాషలో నేను చెప్పిన మొదటి నిజం అది. ముసలామె మొహం మారిపోయింది. నా చేతులు వదలకుండానే మా ఆయన వైపు తిరిగి, గట్టిగా, "కుహు?" అంది.

ఆయన డోర్ పట్టుకుని వంగాడు. "ఇండియా, మామా. హోమ్. ఎయిర్‌పోర్ట్."

మేడం ఆ మాట తల్లికి చెప్పింది. హెల్మమ్మ నా బుగ్గ తట్టి, "కొయు, కొయు" అంటూ కారెక్కింది. నేను కూడా నమ్మాను. ఆమెకు ఆయన ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు కదా అని నమ్మాను. ఎవరికో చెప్పిన జవాబు మీద ఆశపడి పికప్ ఎక్కాను.

సీబ్ వైపు పెద్దరోడ్డు మీద కారు ముందు, మేం వెనక. హెల్మమ్మ అద్దంలోంచి వెనక్కి చూస్తూ చెయ్యి ఊపుతూనే ఉంది. విమానాశ్రయం మలుపు వచ్చింది. కారు పరెమలె, కుడికి తిరిగింది. పికప్ ఒత్సె, తిన్నగా పోయింది. చివరిసారి చూసినప్పుడు హెల్మమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయి ఉంది. ఆమె పెదాలు కదిలాయి. ఏమడుగుతోందో నాకు వినిపించక్కర్లేదు.

"అన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఏడికి పోతున్నం?"

జహీరుద్దీన్ ఆశ్చర్యంగా చూశాడు. "ఇబ్రి అనే ఊరికమ్మా. ఆడ మీ కొత్త మాలిక్‌కు పెద్ద ఖర్జూరం తోటుంది, ఇంట్ల పని. మీ మర్ద్ ఇంకో రెండేండ్లకు మాట్లాడిండు. మీకు నై బోలే క్యా?"

"చెప్పలె" అన్నాను.

నా పాస్‌పోర్ట్ అతని చొక్కా జేబులో సగం బయటికి కనిపిస్తూ ఉంది. లాక్కుంటే ఎక్కడికి పోను? బురుజు దగ్గరి రౌండబౌట్ చుట్టి బండి వసకులె, ఎడమకు తిరిగింది. సముద్రం వెనకబడి, ఎదురుగా బోడికొండలు మొదలయ్యాయి. మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చుందాం అనేవాళ్ళెవరూ ఆ బండిలో లేరు. కిటికీ అద్దం వైపు తిరిగి, అరుగు మీద మా అత్త నోరు మూసిన నా పిల్లకు రెండేళ్ళ తర్వాత పైకే జవాబు చెప్పాను.

"ఇబ్రికి బిడ్డా. నాగ్గూడ ఇప్పుడే తెల్సింది."